వేగాన్ని ఎత్తులో కొలిస్తే

60 కిలోల మనిషి మామూలు నడకలో, గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నాడనుకుందాం. తర్వాత ఆగి, ఒక్క మెట్టు ఎక్కి కదలకుండా నిలబడ్డాడు. ఈ రెండిట్లో ఎప్పుడు ఎక్కువ శక్తి ఉన్నట్టు? కదులుతున్నప్పుడే అని వెంటనే అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే మెట్టే గెలుస్తుంది. నడకలో ఆ శరీరానికి ఉన్న గతిశక్తి దాదాపు 58 జౌళ్లు (శక్తిని కొలిచే ప్రమాణం జౌలు). 17 సెంటీమీటర్ల ఎత్తున్న మెట్టు మీద నిలబడితే నేలతో పోల్చినప్పుడు ఉండే స్థితిశక్తి 100 జౌళ్లు. 3 మీటర్ల పైనున్న అంతస్తుకు చేరేసరికి అది 1,764 జౌళ్లు అవుతుంది. నడకకు ఉన్న శక్తికి ఇది 30 రెట్లు. చదునైన దారిలో కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్లకు మెట్ల దగ్గరికి రాగానే మాట ఆగి ఆయాసం రావడానికి కారణం ఇక్కడే ఉంది. ప్రతి మెట్టుకూ ఒక 100 జౌళ్లు కొత్తగా సమకూర్చుకోవాలి.

కదలికకు సంబంధించిన శక్తి గతిశక్తి. ఉన్న చోటు వల్ల, లేదా సాగిన, వంగిన, నొక్కుకుపోయిన తీరు వల్ల వచ్చేది స్థితిశక్తి. కొన్ని పుస్తకాల్లో గతిజశక్తి, స్థితిజశక్తి అని కనిపిస్తాయి, అవీ వీటి పేర్లే. మొదటిదానికి సూత్రం ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణించడం. రెండోదానికి, అంటే ఎత్తు వల్ల వచ్చేదానికి, ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు ఈ మూడింటినీ గుణించడం. గురుత్వ త్వరణం అంటే కింద పడే వస్తువు వేగం ప్రతి సెకనుకూ ఎంత పెరుగుతుందో చెప్పేది. భూమి మీద దాని విలువ మీటర్లు, సెకన్లలో సుమారు 9.8. బడిలో ఇంతవరకూ అందరూ చదువుకున్నదే. చాలామందికి అందకుండా పోయేది ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం. ఒకటి వేగాన్ని అడుగుతుంది, ఇంకోటి ఎత్తును అడుగుతుంది. మరి గంటకు 50 కిలోమీటర్ల వేగం ఎక్కువా, మూడంతస్తుల ఎత్తు ఎక్కువా?

దీనికి చక్కటి దారి ఒకటుంది. వేగాన్ని కూడా ఎత్తుగా మార్చేయడమే. ఒక వస్తువు ఎంత ఎత్తు నుంచి పడితే ఆ వేగం వస్తుందో చూడాలి. రెండు సూత్రాలనూ సమానం చేస్తే రెండు వైపులా ద్రవ్యరాశి కొట్టుకుపోతుంది, వేగం వర్గాన్ని 19.6తో భాగించడమే మిగులుతుంది. ఇక్కడ వేగం సెకనుకు మీటర్లలో ఉండాలి. గంటకు కిలోమీటర్లలో చెప్పుకోవడమే అలవాటు కాబట్టి ఇంకో సులువుంది: ఆ అంకెను దానితోనే గుణించి 254తో భాగిస్తే ఎత్తు నేరుగా మీటర్లలో వస్తుంది. నోటిలెక్కకు 250 అనుకున్నా తేడా పెద్దగా ఉండదు. గాలి అడ్డును మాత్రం పక్కన పెట్టాలి.

ఇప్పుడు ఈ కొలబద్దతో చుట్టూ చూడొచ్చు. నడక, 10 సెంటీమీటర్లు. గంటకు 20 కిలోమీటర్లతో వెళ్తున్న సైకిల్, మీటరున్నర. 40 కిలోమీటర్ల వేగం 6 మీటర్లు దాటుతుంది. 50 అంటే 10 మీటర్లకు కాస్త తక్కువ, అంటే మూడంతస్తుల మేడ. 60 కిలోమీటర్లకు 14 మీటర్లు, 80కి 25 మీటర్లు, 100కి 39 మీటర్లు. గంటకు 140 కిలోమీటర్లతో వచ్చే క్రికెట్ బంతికి 77 మీటర్లు. ఆ బంతి బరువు 160 గ్రాములు, మోసుకొచ్చే శక్తి 121 జౌళ్లు. 12 కిలోల బరువును మీటరు ఎత్తుకు లేపడానికి సరిపోయేంత శక్తి గుప్పిట్లో పట్టే బంతిలో ఉంటుంది.

ఈ అంకెలు వాహనం బరువును అడగవు. కారైనా, స్కూటరైనా, స్కూటరు వెనక కూర్చున్న పిల్లవాడైనా గంటకు 60తో వెళ్తుంటే అందరూ ఒకే 14 మీటర్ల ఎత్తులో ఉన్నట్టే. నాలుగైదంతస్తుల మేడ చివర గోడ లేని చోట ఎవరినైనా కూర్చోబెట్టమంటే గుండె ఆగినంత పనవుతుంది. అదే 60 కిలోమీటర్ల వేగంలో హెల్మెట్ లేకుండా కూర్చోబెట్టినప్పుడు ఆ భయం రాదు. ఎత్తును చూసి భయపడటం మన కళ్లకు చిన్నప్పుడే అబ్బిన విద్య. వేగాన్ని చూసి భయపడటం లెక్క తెలిస్తేనే వస్తుంది. ఎదురుగా గోడో చెట్టో తగిలితే ఆ శరీరానికి ఎదురయ్యేది 14 మీటర్ల నుంచి పడినప్పుడు ఎదురయ్యేదే. భౌతికశాస్త్రంలో ఇంత సూటిగా ప్రాణానికి సంబంధించిన లెక్కలు తక్కువ. అందుకే ఇది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

వేగాన్ని వర్గం చేయడంలోనే అసలు కథ ఉంది. 50 నుంచి 100కి వెళ్తే వేగం రెట్టింపు, ఎత్తు మాత్రం 10 మీటర్ల నుంచి 39 మీటర్లకు, అంటే నాలుగు రెట్లకు ఎగబాకుతుంది. బ్రేకు వేసినప్పుడు ఈ శక్తినంతా బ్రేకులు, టైర్లు వేడిగా మార్చి వదిలించుకోవాలి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు 50 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి సుమారు 14 మీటర్లు తీసుకుంటే, 100లో 55 మీటర్లు తీసుకుంటుంది. డ్రైవరు చూసి, కాలు కదిపేలోపు దాటిపోయే దూరం దీనికి అదనం. "కొంచెం స్పీడు పెంచాం, అంతే కదా" అన్నప్పుడు 80 నుంచి 100కి పెంచినా ఎత్తు 25 నుంచి 39 మీటర్లకు పెరిగిపోతుంది. 20 కిలోమీటర్లు పెంచినందుకు 14 మీటర్లు. సున్నా నుంచి 60 దాకా వెళ్లినప్పుడు వచ్చిన ఎత్తంతా ఈ చివరి 20లోనే మళ్లీ వచ్చి చేరింది.

బరువుకూ వేగానికీ పోటీ పెడితే ఏది నెగ్గుతుందో కూడా చూద్దాం. 20 టన్నుల లారీ నడక వేగంతో, గంటకు 5 కిలోమీటర్లతో పాకుతోంది. దాని గతిశక్తి దాదాపు 19,300 జౌళ్లు. మనిషితో కలిపి 200 కిలోలుండే బైకు 60 కిలోమీటర్లతో వెళ్తోంది. దాని గతిశక్తి 27,800 జౌళ్లు. బరువులో వందో వంతున్న బైకు లారీని దాటేసింది. లారీ ముందు నిలబడొచ్చని దీని అర్థం కాదు. అంత బరువైనది నెమ్మదిగా వచ్చినా దాన్ని ఆపేది ఉండదు, తన ఇంజనుతో తోసుకుంటూ వస్తూనే ఉంటుంది. గతిశక్తి లెక్క చెప్పేది ఆ క్షణంలో కదలికలో ఉన్న శక్తి ఎంతో మాత్రమే.

ఈ వర్గం సంగతి తేలడానికి చాలా వాదన నడిచింది. కదిలే వస్తువు బలాన్ని ద్రవ్యరాశిని వేగంతో గుణించి కొలవాలని ఒక పక్షం, వేగం వర్గంతో గుణించాలని 17వ శతాబ్దం చివర్లో జర్మన్ గణితవేత్త లైబ్నిజ్ మొదలుపెట్టిన ఇంకో పక్షం. 1720ల్లో డచ్ శాస్త్రవేత్త గ్రావెసాండే ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీద పడేసి చూశాడు. రెట్టింపు వేగంతో పడిన గుండు రెట్టింపు గుంట చేయలేదు, నాలుగు రెట్లు చేసింది. ఫ్రాన్సులో భౌతికశాస్త్ర రచయిత్రి ఎమిలీ దు షాత్లే ఈ ప్రయోగాన్ని పట్టుకుని 1740లో వర్గం పక్షాన గట్టిగా వాదించింది. సూత్రంలోని ఆ 'సగం' 1829 ప్రాంతంలో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కొరియోలిస్ చేతుల మీదుగా స్థిరపడింది. స్థితిశక్తికి ఇంగ్లీషులో ఉన్న 'పొటెన్షియల్ ఎనర్జీ' అన్న పేరును స్కాట్లండ్ ఇంజనీరు ర్యాంకిన్ 1853లో పెట్టాడు. ఇప్పుడు ఒక్క గీతలో రాసే సూత్రం వెనక నూటయాభై ఏళ్ల పైమాటే ఉంది. బంకమట్టి, రెండు గోలీలు ఉంటే గ్రావెసాండే చూసింది ఎవరైనా చూడొచ్చు. ఒక గోలీని పావు మీటరు నుంచి, ఇంకోదాన్ని మీటరు నుంచి వదలాలి. రెండోదాని వేగం మొదటిదానికి సరిగ్గా రెట్టింపు ఉంటుంది. గుంటలు మాత్రం ఎత్తుల నిష్పత్తిలోనే తేడాగా కనిపిస్తాయి.

ఇంతకీ ఎత్తు అంటే ఎక్కడి నుంచి? 75 సెంటీమీటర్ల బల్ల మీద కిలో బరువున్న పుస్తకం ఉంది. గది నేల నుంచి చూస్తే దాని స్థితిశక్తి 7.35 జౌళ్లు. ఆ గది మూడో అంతస్తులో ఉంటే, వీధి నుంచి చూసేవాళ్లకు అదే పుస్తకానికి వంద జౌళ్ల దాకా ఉంటుంది. బల్ల నుంచే కొలిస్తే సున్నా. మూడూ సరైనవే. స్థితిశక్తికి సొంతంగా ఇంత అని ఒక అంకె లేదు, రెండు చోట్ల మధ్య తేడాకే అర్థం ఉంది. పుస్తకం ఎక్కడి దాకా పడగలదో అక్కడిని సున్నాగా తీసుకోవడం వాడుకలో తేలిక.

ఈ మాట స్థితిశక్తికి మాత్రమే చెప్పి వదిలేస్తుంటారు, నిజానికి గతిశక్తిదీ ఇదే తీరు. గంటకు 100 కిలోమీటర్లతో పోతున్న రైల్లో, సీటు ముందున్న బల్ల మీద లీటరు నీళ్ల సీసా ఉంది. పట్టాల పక్కన నిలబడ్డ మనిషికి ఆ సీసా గతిశక్తి 386 జౌళ్లు. సీట్లో కూర్చున్నవాళ్లకు అది కదలడమే లేదు, గతిశక్తి సున్నా. ఎవరి లెక్క వాళ్లది. రైలు ఒక్కసారిగా ఆగినప్పుడు మాత్రం పట్టాల పక్కన ఉన్నవాడి లెక్క ఏమిటో లోపలున్నవాళ్లకు కూడా తెలిసొస్తుంది. సీసా ముందుకు ఎగిరి పడుతుంది. వస్తువులను పోల్చేముందు దేనితో పోల్చి చెప్తున్నామో ముందే చెప్పుకోవాలి. లేకపోతే "దేనికి శక్తి ఎక్కువ" అన్న ప్రశ్నకు జవాబే ఉండదు.

ఈ రెండు శక్తులూ ఒకదానిలోకి ఒకటి మారే తీరు ఉయ్యాలలో చూసినంత బాగా ఇంకెక్కడా కనబడదు. పీట కింది కొసన నేలకు అరమీటరు ఎత్తులో ఉండి, పైకి పోయినప్పుడు మీటరున్నర చేరుతోందనుకుందాం. తేడా ఒక మీటరు. పై కొసన ఒక్క క్షణం ఉయ్యాల ఆగుతుంది, కడుపులో ఏదో తేలినట్టనిపిస్తుంది, అక్కడ గతిశక్తి సున్నా. 25 కిలోల పిల్లయితే 245 జౌళ్లు ఎత్తు రూపంలో ఉన్నాయి. కిందికొచ్చేసరికి అవన్నీ వేగమై గంటకు 16 కిలోమీటర్లు అవుతుంది. సగం ఎత్తు దగ్గర సగం సగం ఉంటాయి. అక్కడ వేగం కూడా సగమే ఉంటుందనుకుంటే పొరపాటు. 11 కిలోమీటర్లు ఉంటుంది, గరిష్ఠ వేగంలో 70 శాతం. ఇదీ వర్గం చేసే పనే. సగం ఎత్తు దిగేసరికే వేగం ఎక్కువ భాగం వచ్చేస్తుంది.

ఉయ్యాల ఊపడం ఆపేస్తే నెమ్మదిగా ఆగిపోతుంది కదా, ఆ శక్తి ఎక్కడికి పోయింది? పోవడం అంటూ లేదు. గాలిని కదిపింది, పైన కొక్కేలను కాస్త వేడెక్కించింది. ఎంత పోయిందో కొలవాలంటే బంతి ఇంకా సులువు. టెన్నిస్ ఆటలో వాడే మామూలు బంతిని 254 సెంటీమీటర్ల నుంచి గట్టి నేల మీద వదిలితే 135 నుంచి 147 సెంటీమీటర్ల మధ్యకు తిరిగి లేవాలన్నది నిబంధన. స్థితిశక్తి ఎత్తుకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి ఏ పరికరమూ అక్కర్లేదు, ఎత్తులను చూస్తే చాలు. 53 నుంచి 58 శాతం శక్తి తిరిగొచ్చింది, మిగతాది బంతి నలిగి లేవడంలో వేడిగా, నేలను తాకినప్పుడు వచ్చిన చప్పుడుగా మారింది. గోడ పక్కన స్కేలు అతికించి ఏ బంతితోనైనా ఈ లెక్క చూడొచ్చు.

సాగినదాంట్లో, నొక్కినదాంట్లో దాగే శక్తిని కొలవడానికీ ఎత్తే పనికొస్తుంది. నొక్కితే రీఫిల్ బయటికొచ్చే పెన్నును తలకిందులుగా, మీట బల్లకు ఆనేలా నొక్కి ఒక్కసారిగా వదిలితే గాల్లోకి ఎగురుతుంది. 10 గ్రాముల పెన్ను అరమీటరు ఎగిరితే లోపలి స్ప్రింగు ఇచ్చింది 0.05 జౌలు. చాలా చిన్న అంకె, అయినా పెన్ను బల్లను వదిలిన వేగం గంటకు 11 కిలోమీటర్లు. ఉయ్యాల సగం ఎత్తు దగ్గర ఉన్న వేగమే ఇది, ఎందుకంటే అక్కడా అరమీటరే దిగింది. తేలికైన వస్తువుకు కొంచెం శక్తి చాలు.

దొర్లే వస్తువుల దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. వాలు మీదుగా దిగే గోలీ ముందుకు కదలడమే కాదు, తన చుట్టూ తాను తిరుగుతుంది కూడా. ఎత్తు ఇచ్చిన శక్తిలో ఏడింట రెండు వంతులు ఆ తిరగడానికే పోతాయి. మీటరు ఎత్తున్న వాలు నుంచి ఘర్షణ లేకుండా జారే వస్తువు సెకనుకు 4.4 మీటర్ల వేగం అందుకుంటే, దొర్లే గోలీ 3.7 దగ్గర ఆగుతుంది. చేతికి వేసుకునే గాజులాంటి వలయమైతే 3.1 మాత్రమే, దానికి సగం శక్తి తిరగడానికే సరిపోతుంది. గోలీనీ గాజునూ ఒకేసారి వాలు మీద వదిలితే ఎప్పుడూ గోలీయే ముందు చేరుతుంది, బరువులు ఎంతైనా సరే.

రోజూ ఎదురయ్యే ఇంకో ప్రశ్న ఫోన్లది. 200 గ్రాముల ఫోను మీటరు ఎత్తు నుంచి జారితే నేలను తాకేసరికి ఉండేది 2 జౌళ్లు. నడిచే మనిషిలో ఉన్న శక్తిలో దాదాపు ముప్పయ్యో వంతు మాత్రమే. మరి అద్దం ఎందుకు పగులుతుంది? శక్తి ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎంత దూరంలో ఆగింది అన్నది ఇంకో ప్రశ్న. గచ్చు నేల మీద మూల ఆని, ఒక్క మిల్లీమీటరు దూరంలో ఆ 2 జౌళ్లూ ఖర్చయిపోవాలంటే సగటున 2,000 న్యూటన్ల బలం కావాలి. అంటే 200 కిలోల బరువు ఆ చిన్న మూల మీద పడ్డట్టు. అదే ఫోను పరుపు మీద పడి రెండు సెంటీమీటర్లు కుంగి ఆగితే బలం 100 న్యూటన్లకు తగ్గిపోతుంది, 10 కిలోల బరువుతో సమానం. శక్తి అదే, ఆగే దూరం పెరిగింది, అంతే. ఫోను కవరు, హెల్మెట్ లోపలి ఫోమ్, ప్రమాదంలో నలిగిపోయేలా తయారుచేసే కారు ముందుభాగం, అన్నీ ఈ ఒక్క పనే చేస్తాయి. పైకి గట్టిగా కనిపిస్తూ లోపల ఫోమ్ లేని హెల్మెట్ ఎందుకు పనికిరాదో కూడా దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇక అదే ఫోను లోపలి బ్యాటరీ సంగతి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 69,000 జౌళ్లు ఉంటాయి. అదీ ఒక రకం స్థితిశక్తే, రసాయనాల అమరికలో దాగినది. దీని పక్కన మేడ మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకును పెట్టి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. 10 మీటర్ల ఎత్తులో టన్ను నీళ్లు, స్థితిశక్తి 98,000 జౌళ్లు. రమారమి టన్ను బరువున్న కారు 50 కిలోమీటర్లతో వెళ్తున్నప్పటి గతిశక్తి కూడా అంతే, అక్కడా ఎత్తు 10 మీటర్ల దగ్గరే కదా. ఒక్క జౌలు వృథా కాకుండా ఆ నీళ్లతో కరెంటు తీసినా 10 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రెండు గంటల నలభై నిమిషాలు వెలుగుతుంది. ఫోను ఛార్జింగయితే ఒకటిన్నర సార్లు కూడా నిండదు. నీటితో కరెంటు తీయాలంటే కొండంత ఎత్తు, నదంత నీరు ఎందుకు కావాలో ఈ ట్యాంకే చెప్తుంది.

వేడి ముందు ఎత్తు, వేగం రెండూ చిన్నబోతాయి. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి 3,14,000 జౌళ్లు కావాలి. అంత శక్తితో ఆ లీటరు నీళ్లనే 32 కిలోమీటర్ల ఎత్తుకు లేపొచ్చు. దీన్ని తిప్పి చూస్తే, వంద మీటర్ల జలపాతం కింద నీరు ఎంత హోరెత్తినా పడినందుకు వేడెక్కేది పావు డిగ్రీ లోపే. బ్రేకు వేసినప్పుడు, బంతి ఎగిరినప్పుడు, ఉయ్యాల ఆగినప్పుడు శక్తి వేడిగా మారిందంటే నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే. మారిన వేడి చేతికి తెలియనంత తక్కువ. ఒక్క బ్రేకు డిస్కు లాంటి చిన్న లోహపు ముక్క మీదే అదంతా చేరినప్పుడు మాత్రం ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.

ఉన్న శక్తిలో దాదాపు అంతా దారిలోనే వదిలేసి మన దాకా వచ్చేది వాన చినుకు. 3 మిల్లీమీటర్ల చినుకు బరువు 14 మిల్లీగ్రాములు. రెండు కిలోమీటర్ల ఎత్తున్న మేఘం నుంచి అది బయల్దేరితే స్థితిశక్తి 0.27 జౌలు. దారిలో గాలే లేకపోతే నేలకు చేరేసరికి గంటకు 700 కిలోమీటర్ల పైన వేగం ఉండేది, వానలో తల బయట పెట్టడం సాధ్యమయ్యేది కాదు. గాలి ఉండటం వల్ల కాస్త దూరం పడగానే దాని అడ్డూ, చినుకు బరువూ సమానమైపోతాయి. అక్కడి నుంచి వేగం సెకనుకు 8 మీటర్ల దగ్గర నిలిచిపోతుంది, ఎత్తు తగ్గుతున్నా గతిశక్తి పెరగదు. చేతి మీద పడేటప్పుడు మిగిలేది 0.00045 జౌలు, బయల్దేరినదాంట్లో ఆరు వందల్లో ఒక వంతు. ఎత్తులో కొలిస్తే ఆ చినుకు రెండు కిలోమీటర్ల నుంచి వచ్చినా, మూడు మీటర్ల పైనుంచి పడినంత మెత్తగానే చేతిని తాకుతుంది.